శీతాకాలపు సెలవుల్లో కుటుంబంతో చాట్స్‌వర్త్ సౌధాన్ని చూడడం ఎలా

ఇంగ్లండులో ఉంటున్న తెలుగు కుటుంబాలకు డిసెంబరు చివరి రెండు వారాలు గడపడం కొంచెం చిక్కైన వ్యవహారం. పిల్లల బడులకు, పెద్దల ఆఫీసులకు సెలవులుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఇంట్లో ఉంటారు. బయట మాత్రం చలి, ముసురు, మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి. అలాంటి ఒక రోజును మూడు తరాలవారూ కలిసి సంతోషంగా గడపడానికి పాతకాలపు కంట్రీ హౌస్‌ను మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం. వాటన్నిటిలో ముందు చూడవలసింది డార్బీషర్ కొండల మధ్య, డెర్వెంట్ నది ఒడ్డున ఉన్న చాట్స్‌వర్త్.

కంట్రీ హౌస్ అనగానే మనకు తెలంగాణ గడీలో, కోస్తా జమీందార్ల దివాణాలో మనసులో మెదులుతాయి. పోలిక కొంతవరకు సరైనదే, ఎందుకంటే చుట్టూ ఉన్న భూముల మీద వచ్చే రాబడితో నిలిచిన ఇల్లే ఇది కూడా. అయితే చాట్స్‌వర్త్ పాడుపడలేదు. 1549లో కావెండిష్ కుటుంబం 600 పౌండ్లకు కొన్న ఈ ఎస్టేటులో అదే వంశానికి చెందిన డెవన్‌షర్ డ్యూకుల కుటుంబం నేటికీ నివసిస్తున్నది. డెవన్‌షర్ బిరుదు పెట్టుకున్నవారు డార్బీషర్‌లో ఉండడం ఏమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. బిరుదులో ఉన్న ఊరికీ కాపురమున్న ఊరికీ సంబంధం ఉండి తీరాలన్న నియమం ఇంగ్లీషు ప్రభువంశాలలో లేదని చెప్పండి.

శీతాకాలంలో ఈ చోటును చూడడానికి నేను పాటించే పద్ధతి ఒక్కటే: పగటి వెలుగును తోటకు కేటాయించి, చీకటి పడే వేళను ఇంటికి ఉంచుకోవాలి. చాలా కుటుంబాలు చలికి భయపడి ముందు ఇంట్లోకి వెళ్ళి, బయటికి వచ్చేసరికి తోట చీకటై, సగం చూసి తిరిగి వస్తుంటాయి. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ పొరపాటు జరగకుండా చూసుకోవడానికే.

తేదీ, టికెట్టు

మొదట చేయవలసింది తేదీ నిర్ణయించుకోవడం. చాట్స్‌వర్త్ ఇల్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. నవంబరు నుంచి జనవరి మొదటి రోజుల వరకు క్రిస్మస్ అలంకరణతో సందర్శకులను అనుమతించి, ఆ తరువాత శుభ్రం చేసే పనుల కోసం, మరమ్మతుల కోసం వసంతం వచ్చేదాకా మూసివేస్తారు. కాబట్టి జనవరి మధ్యలో లేదా ఫిబ్రవరి సెలవుల్లో వెళ్ళాలనుకునేవారు ముందుగా వెబ్‌సైటులో చూసుకోకపోతే తోట గేటు దగ్గరే నిలబడవలసి రావచ్చు. క్రిస్మస్ నాడు ఇల్లు మూసి ఉంటుంది, దేశమంతటా రైళ్ళు కూడా నడవవు. మరునాడు సైతం రైళ్ళు చాలా తక్కువ. కారు లేనివారు ఆ రెండు రోజులను లెక్కలోంచి తీసివేయడం మంచిది.

టికెట్టు మీద ఇంట్లోకి ప్రవేశించే సమయం ఉంటుంది. డిసెంబరు శనాదివారాల టికెట్లు ముందే అయిపోతుంటాయి కనుక వీలైనంత ముందుగా కొనండి. దొరికితే మధ్యాహ్నం రెండు, రెండున్నర ప్రాంతంలో ప్రవేశం ఎంచుకోండి. డిసెంబరు చివర అక్కడ ఉదయం 8.20 ప్రాంతంలో సూర్యోదయం, మధ్యాహ్నం 3.50 ప్రాంతంలో సూర్యాస్తమయం అవుతాయి. రెండున్నరకు లోపలికి వెళ్ళినవారు సగం గదులను సంధ్య వెలుగులోనూ, మిగతా సగాన్ని దీపాల కాంతిలోనూ చూడగలుగుతారు.

మరొక ముఖ్యమైన విషయం. మనవారిలో చాలామంది దగ్గర చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ సభ్యత్వ కార్డు ఉంటుంది, దానితో ఏ పాత ఇంట్లోకైనా ఉచితంగా వెళ్ళవచ్చనుకుంటారు. చాట్స్‌వర్త్ నేషనల్ ట్రస్టుది కాదు; 1981 నుంచి దాన్ని చాట్స్‌వర్త్ హౌస్ ట్రస్టు అనే ధర్మసంస్థ నిర్వహిస్తున్నది, టికెట్టు కొనవలసిందే. కార్డును వాడుకోవాలనుకునేవారికి చెస్టర్‌ఫీల్డ్‌కు అవతలి వైపు ఉన్న హార్డ్‌విక్ హాల్ సరైన చోటు. అది కూడా ఒకప్పుడు ఈ కుటుంబానిదే. 1950లో పదవ డ్యూకు హఠాత్తుగా చనిపోయినప్పుడు ఆస్తి మీద 80 శాతం మరణపన్ను పడింది. దాన్ని తీర్చడానికి భూములు, అపురూపమైన చిత్రాలు అమ్ముకోవడంతో పాటు హార్డ్‌విక్ హాల్‌ను కూడా వదులుకోవలసి వచ్చింది, చివరకు 1959లో అది నేషనల్ ట్రస్టు చేతికి చేరింది.

పెద్దవారికి చక్రాల కుర్చీ అవసరమైతే ఆ సంగతి టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. పాత ఇళ్ళల్లో అగ్నిప్రమాద నిబంధనల వల్ల ఒకేసారి కొన్ని కుర్చీలనే పైఅంతస్తులకు అనుమతించడం సాధారణం.

దారి

దక్షిణం నుంచి కారులో వచ్చేవారు ఎం1 రహదారి 29వ జంక్షన్ దగ్గర దిగి చెస్టర్‌ఫీల్డ్ మీదుగా రావాలి. ఈ దారిలో పెద్ద ఇబ్బంది లేదు. మాంచెస్టరు వైపు నుంచి వచ్చేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి: ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని చెప్పి ఏ57 మీద ఉన్న స్నేక్ పాస్‌కో, మాకిల్స్‌ఫీల్డు, బక్‌స్టన్ మధ్య ఉన్న క్యాట్ అండ్ ఫిడిల్ రోడ్డుకో తీసుకుపోతుంది. ఆ రెండూ ఎత్తైన బీడుకొండల మీదుగా సాగే వంకరదారులు. మంచు కురిసిన రోజున ముందుగా మూసుకుపోయేవి అవే. అద్దాలు తుడిచే నీటిలో గడ్డకట్టని ద్రవం కలిపి పోయండి, ఉట్టి నీళ్ళు పోస్తే గొట్టంలోనే గడ్డకడతాయి. డిక్కీలో రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో వేడినీళ్ళు, టార్చిలైటు ఉంచుకోండి.

రైలులో అయితే లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి చెస్టర్‌ఫీల్డ్ లేదా షెఫీల్డ్ చేరడానికి సుమారు రెండు గంటలు. అక్కడి నుంచి బస్సుగానీ ట్యాక్సీగానీ పట్టుకోవాలి. సెలవు రోజుల్లో బస్సుల వేళలు మారతాయి, చివరి బస్సు తొందరగా వెళ్ళిపోతుంది కనుక తిరుగు బస్సు సమయాన్ని ముందే రాసిపెట్టుకోండి. దారి అడిగేటప్పుడు మనం అక్షరాలను బట్టి డెర్బీషైర్ అంటాము, అక్కడివారు డార్బీషర్ అంటారు.

ఒంటి మీదికి, సంచిలోకి

ఇక్కడ ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఇంట్లోకి వెళ్ళగానే వెచ్చగా ఉంటుందని ఆశించి పెద్దవారి స్వెట్టర్లు కారులో వదిలేయకండి. ఇలాంటి ఇళ్ళల్లో గదుల వేడిని మనుషుల సుఖం చూసి నిర్ణయించరు, వస్తువుల మేలు చూసి నిర్ణయిస్తారు. గదిని బాగా వేడి చేస్తే గాలిలోని తేమ శాతం పడిపోతుంది. మూడు వందల ఏళ్ళ నాటి చెక్క కుంచించుకుని పగుళ్ళిస్తుంది, బల్లల మీద అతికిన పలుచని చెక్కపొర లేచిపోతుంది. తేమ పెరిగితే బూజు, పురుగు పడతాయి. అందుకని ఆ రెంటికీ మధ్య తేమ నిలిచేంత వేడి మాత్రమే ఉంచుతారు. మన లెక్కలో అది చల్లని గదే.

కాబట్టి ఒక్క లావుపాటి కోటుకు బదులు థర్మల్స్, ఉన్ని స్వెట్టరు, గాలి చొరని జాకెట్టు, ఇలా పొరలు పొరలుగా వేసుకోవాలి. అమ్మలు, అత్తలు చీరలోనే వస్తామంటే వద్దనకండి. లోపల థర్మల్ లెగ్గింగ్స్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, జారని అడుగున్న బూట్లు ఉంటే చాలు. కుచ్చెళ్ళు మాత్రం కొంచెం పైకి కట్టుకోమనాలి, ఎందుకంటే తోటలో దారులు తడిసి బురదగా ఉంటాయి. తాతయ్యలకు మంకీ క్యాపు సిగ్గుపడవలసినది కాదు, అక్కడి గాలికి అదే సరైన మందు.

పెద్ద సంచులు లోపలికి తీసుకువెళ్ళనివ్వకపోవచ్చు; వీపు సంచి ఉంటే ముందుకు తగిలించుకోవాలి, మనం వెనక్కి తిరిగినప్పుడు అది పింగాణీ పాత్రకు తగలకూడదు కదా. మాత్రలు, మంచినీళ్ళు, పిల్లలకు ఒక జత పొడి మేజోళ్ళు, నాలుగు అరటిపండ్లు చిన్న సంచిలో పెట్టుకోండి. అరటిపండ్లు ఎందుకో తరువాత చెబుతాను.

ఉదయం, తోటలో

పదిన్నరకల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి. సుమారు 105 ఎకరాల తోటను మొత్తం తిరగాలని పెట్టుకోవద్దు. పెద్దవారితో, చిన్నపిల్లలతో రెండు గంటల్లో మూడు చోట్లు చూడగలిగితే చాలు.

మొదటిది ఇంటికి దక్షిణాన ఉన్న పొడవైన కాలువ కొలను, అందులోని ఎంపరర్ ఫౌంటెన్. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని ఆరవ డ్యూకు 1844లో దీన్ని కట్టించాడు. పంపులు లేవు. పైన కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించి, అక్కడి నుంచి గొట్టంలో దిగే నీటి ఒత్తిడితోనే ధార లేచేలా చేశారు. అది 90 మీటర్ల దాకా లేచిందని నమోదైంది. ఆరు నెలల్లో పూర్తి చేయడానికి రాత్రిళ్ళు దీపాలు పెట్టుకుని పని చేశారు. చక్రవర్తి ఆ ఏడాది ఇంగ్లండుకు వచ్చాడు గానీ చాట్స్‌వర్త్‌కు రాలేదు. గడ్డకట్టే చలిలోనూ, ఈదురుగాలిలోనూ, మరమ్మతులున్నప్పుడూ నీటి యంత్రాంగాలను ఆపివేస్తారు కనుక ధార చూపిస్తామని పిల్లలకు మాట ఇవ్వకండి. చెరువు ఎక్కడుందో వేలుపెట్టి చూపించి కథ చెబితే ధార లేని కొలను కూడా వారికి ఆసక్తిగానే ఉంటుంది. కొండవాలు మీద 24 మెట్లుగా నీరు దిగే కాస్కేడు అంతకంటే చాలా పాతది, 1690లలో మొదలై 1701లో ఇప్పటి రూపానికి పెరిగింది.

రెండవది మేజ్, అంటే కంచెల మధ్య చిక్కుదారుల తోట. ఇవి యూ చెట్ల కంచెలు, చలికాలంలోనూ ఆకు రాల్చవు కాబట్టి దారి తప్పే సరదా డిసెంబరులోనూ ఉంటుంది. పిల్లలను లోపలికి పంపి, పెద్దవారికి ఈ చోటు సంగతి చెప్పండి. ఇక్కడే ఆరవ డ్యూకు తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1836 నుంచి 1841 వరకు ఒక మహా గాజుమందిరాన్ని నిర్మించాడు. లోపల ఉష్ణమండలపు చెట్లు బతకడానికి నేల కింద బాయిలర్లు, వాటికి బొగ్గు చేర్చడానికి సొరంగంలో ఒక చిన్న రైలు దారి ఉండేవి. 1843 డిసెంబరులో, అంటే ఇదే చలిలో, విక్టోరియా రాణి గుర్రపు బగ్గీలో కూర్చునే ఆ మందిరం లోపల తిరిగింది. వేల దీపాలు వెలిగించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరకక లోపలి చెట్లు చచ్చిపోయాయి, 1920లో కట్టడాన్ని పేల్చివేశారు. ఇక్కడ గాజుతో నేర్చుకున్న పనితనంతోనే పాక్స్‌టన్ 1851లో లండనులో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనాన్ని రూపొందించాడు.

ఇప్పుడు అరటిపండ్లు బయటికి తీయండి. 1830లలో పాక్స్‌టన్ మారిషస్ నుంచి వచ్చిన ఒక అరటి మొక్కను ఇక్కడి గాజింట్లో పెంచి, 1835లో పువ్వు పూయించాడు. యజమాని వంశం పేరు మీదుగా ఆ రకానికి కావెండిష్ అనే పేరు వచ్చింది. ఇంగ్లండు సూపర్ మార్కెట్లో మీరు కొన్న పండు ఈ రకానిదే. అనంతపురం, కడప రైతులు టిష్యూ కల్చర్ మొక్కలతో పెంచే జీ9 అరటి కూడా ఈ కావెండిష్ కుటుంబంలోదే. అమ్మమ్మో తాతయ్యో రాయలసీమవారైతే, వారి పొలంలోని గెలకు పేరిచ్చిన ఇల్లు ఇదేనని తెలిసినప్పుడు వారి ముఖం చూడాలి. ఈ చోటుతో మనకున్న నిజమైన బంధుత్వం ఇదేనని నాకు అనిపిస్తుంది.

మూడవ చోటు మీ ఇష్టం. ఓపిక ఉన్నవారు వెనుక అడవిలోకి ఎక్కవచ్చు, లేనివారు ఇంటి ముందు పచ్చికలో నిలబడి నదికి అవతలి పార్కును చూడవచ్చు. సహజంగా కనిపించే ఆ వాలూ చెట్లగుంపులూ కేపబిలిటీ బ్రౌన్ అనే తోట రూపశిల్పి 1760లలో తీర్చినవే.

భోజనం

పన్నెండున్నరకే తినండి, ఒంటిగంట దాటితే కూర్చోవడానికి చోటు దొరకదు. 1760లలో జేమ్స్ పెయిన్ కట్టిన గుర్రపుశాలలోనే ఇప్పుడు భోజనశాలలు, దుకాణాలు ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, దద్దోజనం సౌధం లోపల కాకుండా కారులోనో బయటి బల్లల మీదో తినాలి. దద్దోజనం చలికి బిగుసుకుపోతుంది, పులిహోరే మేలు.

బయట కొనేటప్పుడు శాకాహారులు కొన్ని పేర్ల దగ్గర ఆగి అడగాలి. మిన్స్ పై అనే క్రిస్మస్ తీపి వంటకంలో ఉండేవి ఎండుపండ్లే, మాంసం కాదు. అయితే పాత పద్ధతిలో చేసినవాటిలోనూ, క్రిస్మస్ పుడ్డింగులోనూ సూయెట్ అనే ఎద్దు కొవ్వు కలుపుతారు. ఈ రోజుల్లో నూనెతో చేసిన శాకాహార సూయెట్ వాడకం బాగా పెరిగింది గానీ అడగకుండా తినవద్దు. పండుగ రోజుల్లో బంగాళాదుంపలను బాతు కొవ్వులో వేయించే అలవాటు కూడా ఉంది. నాలుగు మైళ్ళ దూరంలోని బేక్‌వెల్ ఊరి పుడ్డింగు ప్రసిద్ధం; అందులో బాదం, జాముతో పాటు గుడ్డు ఉంటుంది.

చీకటి పడే వేళ, ఇంట్లో

లోపలికి వెళ్ళే ముందే అందరూ బాత్‌రూముకు వెళ్ళిరావాలి, సాధారణంగా దారి ఒకే దిశలో సాగుతుంది, మధ్యలో వెనక్కి రావడం కష్టం. ఫోనులో ఫ్లాష్ ఆపివేయండి. ఏదీ తాకకూడదని పిల్లలకు చెప్పడమే కాక కారణమూ చెప్పండి: చేతి చర్మంలోని నూనె, ఆమ్లం పాలరాయిని, బంగారు పూతను, పట్టుబట్టను నెమ్మదిగా తినేస్తాయి, ఒక్క వేలు పెద్ద లెక్క కాకపోయినా రోజుకు వేల వేళ్ళు తగిలితే అవి మిగలవు. గదుల్లో వెలుతురు తక్కువగా ఉంచేది కూడా బట్టలు, నీటిరంగుల చిత్రాలు వెలిసిపోకుండా ఉండటానికే.

క్రిస్మస్ అలంకరణ సంగతి ముందే తేల్చుకోవాలి. ఏటా ఒక కొత్త ఇతివృత్తంతో గదులను చెట్లతో, దీపాలతో నింపుతారు. చిన్నపిల్లలకు అది పండుగే. అయితే అలంకరణ వెనుక కొన్ని పాత వస్తువులు మరుగున పడతాయి. చిత్రాలను, సామానును నిదానంగా చూడాలన్న కోరిక గట్టిగా ఉన్నవారు మరోసారి వేసవిలో రావాలి. ఇప్పటికి నాలుగైదు చోట్ల మాత్రం నిలబడండి.

పెయింటెడ్ హాల్‌లో తల ఎత్తి చూడండి. గోడల మీదా పైకప్పు మీదా లూయీ లాగెర్ జూలియస్ సీజరు జీవిత ఘట్టాలను చిత్రించాడు. 1688లో డచ్చి పాలకుడు విలియమ్‌ను ఇంగ్లండుకు ఆహ్వానించినవారిలో ఈ ఇంటి యజమాని ఒకడు. రాజైన విలియమ్ 1694లో ఆయనను డ్యూకును చేశాడు. సీజరు బొమ్మలు ఆ రాజుకు చేసిన పొగడ్త. రాజదంపతులు వస్తే విడిది చేయడానికి పై అంతస్తులో స్టేట్ రూములు కూడా సిద్ధం చేశారు, కానీ వారు ఎప్పుడూ రాలేదు. ఫౌంటెన్ సంగతి గుర్తు చేసి, రాని అతిథుల కోసం ఈ ఇంట్లో ఎన్ని కట్టారో లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. అవే స్టేట్ రూములలో రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వరసగా మంచాలు వేశారు: వేల్సు నుంచి తరలివచ్చిన పెన్రోస్ కాలేజీ బాలికలు, సుమారు 300 మంది, 1939 నుంచి ఇక్కడే ఉండి చదువుకున్నారు. హాస్టలులో చదివిన పెద్దవారికి ఈ సంగతి బాగా నచ్చుతుంది.

స్టేట్ మ్యూజిక్ రూములో సగం తెరిచిన తలుపు వెనుక ఇంకొక తలుపు మీద వయొలిన్ వేలాడుతూ ఉంటుంది. ఏమీ చెప్పకుండా పిల్లలను చూడనివ్వండి, అది నిజమైన వయొలిన్ కాదు, చిత్రం. భోజనశాలలో విక్టోరియా రాకుమారి 13 ఏళ్ళ వయసులో, 1832లో, మొదటిసారి పెద్దలతో కలిసి రాత్రి విందులో కూర్చుంది. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఆ బల్ల దగ్గర కాసేపు ఆగండి. చివర వచ్చే శిల్పశాలలో కనోవా చెక్కిన, గ్రీకు పురాణాల్లోని గొర్రెల కాపరి ఎండిమియన్ నిద్రిస్తున్న బొమ్మను, రఫాయెల్లె మోంటి చెక్కిన ముసుగు కన్యను వదలవద్దు. రాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తున్నట్టు ఉండటం ఎలా సాధ్యమని అందరూ అడుగుతారు. ముసుగు మడతలు పైకి లేచిన చోట్లను గరుకుగా, ముఖానికి అంటుకున్న చోట్లను నునుపుగా ఉంచితే కన్ను తానే మిగతాది పూరించుకుంటుందని నాకు తోచిన సమాధానం. గదిలో నిలబడి ఉండే గైడును కూడా అడగండి, వారు ప్రశ్నల కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇంత డబ్బు ఎక్కడిదని పెద్ద పిల్లలు అడగాలి, అడగకపోతే మీరే ఎత్తండి. కౌలు రాబడి, ఐర్లండులోని ఎస్టేటులు, స్టాఫర్డ్‌షర్‌లోని ఎక్టన్ రాగి గని, ఇవన్నీ కలిసి ఈ గదులయ్యాయి. గనిలో దిగినవారి పేర్లు గోడల మీద ఉండవు, ఆ మాట కూడా చెప్పాలి.

తిరుగు ప్రయాణం, మరునాడు

బయటికి వచ్చేసరికి నాలుగు దాటి పూర్తిగా చీకటి పడుతుంది. పగలు తడిసిన రాతిమెట్ల మీది నీరు అప్పటికి గడ్డకట్టడం మొదలవుతుంది. పెద్దవారి చేయి పట్టుకుని నడవండి, కారును వీలైతే దగ్గరకు తెచ్చుకోండి. పార్కు దారిలో గొర్రెలు అడ్డం వస్తాయి, మెల్లగా నడపాలి.

రాత్రికి బేక్‌వెల్‌లోనో చెస్టర్‌ఫీల్డ్‌లోనో బస చేసేవారు మరునాటి ఉదయం ఒక గంట కేటాయించి పార్కు అంచున ఉన్న ఊరికి వెళ్ళాలి. ఎడెన్సర్ అని రాసి ఎన్జర్ అని పలుకుతారు. టికెట్టు అవసరం లేదు. చర్చి వెనుక వాలులో కావెండిష్‌ల సమాధుల మధ్య, పదవ డ్యూకు పెద్ద కుమారుణ్ణి పెళ్ళాడిన క్యాథ్లీన్ కెనెడీ సమాధి ఉంటుంది. భర్త 1944లో యుద్ధంలో, ఆమె 1948లో విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆమె అన్న, అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ, తాను హత్యకు గురి కావడానికి కొన్ని నెలల ముందు, 1963 జూన్‌లో ఇక్కడికి వచ్చి నిలబడ్డాడు; ఆ సంగతి చెప్పే రాయి అక్కడే ఉంది. డ్యూకుల రాళ్ళు చిన్నవి, నిరాడంబరమైనవి. వాటికి కొంత కింద కనిపించే పెద్ద సమాధి తోటమాలి పాక్స్‌టన్‌ది. గడ్డి వాలు ఉదయం పూట జారుతుంది కనుక అమ్మమ్మను దారి మీదే నిలబెట్టి, దాన్ని వెతికే పని పిల్లలకు అప్పగించండి.